ఎనిమిదేళ్ల పిల్ల, నలభై ఎనిమిదేళ్ల జబ్బు

పాత కడప జిల్లాలో రాజంపేట, కోడూరు, రాయచోటి చుట్టుపక్కల ఊళ్లలో కువైట్‌కు మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. మగవాళ్లు డ్రైవర్లుగా పోతారు, ఆడవాళ్లు ఇంటిపనికి పోతారు. పసిబిడ్డను అవ్వ చేతిలో పెట్టి విమానం ఎక్కిన తల్లులు ఎందరో. కర్నూలు జిల్లా పడమటి వైపు వలస తీరు వేరు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో వాన మొండిచెయ్యి చూపిన ఏడు ఇంటికి తాళం వేసి సంసారం మొత్తం ‘సుగ్గి’కి పోతుంది. గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో. బడిలో ఉండాల్సిన పిల్లలు కూడా మూటాముల్లెతో పాటు బండెక్కుతారు. కడప వలసలో తల్లి పోతుంది, బిడ్డ ఊళ్లో ఉంటుంది. కర్నూలు వలసలో బిడ్డ కూడా పోతుంది.

ఈ అధ్యాయం రొమ్ము క్యాన్సర్ గురించి. వలసతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ జబ్బుకు బీజం ఏ వయసులో పడుతుందో వెతకమని శాస్త్రవేత్తలకు దారి చూపింది వలస పోయిన ఆడవాళ్లే.

ఒకప్పుడు చైనాలో, జపాన్‌లో రొమ్ము క్యాన్సర్ బాగా తక్కువ. అమెరికాలో అంతకు నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువ. ఇది రక్తంలో ఉన్న తేడా, జాతి తేడా అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ చైనా నుంచి పోయిన కుటుంబాల్లో తరం మారేకొద్దీ ఆ తేడా కరిగిపోతూ వచ్చింది. జన్యువులు రెండు మూడు తరాల్లో మారవు. మారింది బతుకు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన రెజీనా జీగ్లర్ బృందం దీన్ని లోతుగా తవ్వి 1993లో ఫలితాలు ప్రకటించింది. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ ప్రాంతాల్లోనూ హవాయిలోని ఒవాహు దీవిలోనూ ఉంటున్న చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాల ఆడవాళ్లలో జబ్బు వచ్చినవాళ్లు 597 మందినీ, రానివాళ్లు 966 మందినీ వాళ్లు కలిశారు. ఎక్కడ పుట్టారు, పల్లెలోనా పట్నంలోనా, అమెరికా వచ్చి ఎన్నేళ్లయింది, అవ్వతాతలు ఎక్కడ పుట్టారు అని ఆరా తీశారు.

అమెరికాలో పుట్టినవాళ్లకు ముప్పు ఆసియాలో పుట్టినవాళ్లకంటే 60 శాతం ఎక్కువ. ఆసియాలో పుట్టినవాళ్లలోనే పట్నంలో పెరిగిన ఆడవాళ్లకు పల్లెలో పెరిగినవాళ్లకంటే 30 శాతం ఎక్కువ. వలస వచ్చి పదేళ్లు దాటినవాళ్లకు కొత్తగా వచ్చినవాళ్లకంటే 80 శాతం ఎక్కువ. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి వేరే ఉంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన ఆడవాళ్లలో కూడా, అవ్వతాతలు సైతం అక్కడే పుట్టి ఉంటే ముప్పు మరో 50 శాతం పెరిగింది. అంటే తాను ఏ నేల మీద పుట్టిందన్నది ఒక్కటే కాదు, తనను కన్న తల్లి ఏ ఇంట్లో, ఏ తిండి తిని పెరిగిందన్నది కూడా లెక్కలోకి వస్తోంది. కిందిమెట్టు నుంచి పైమెట్టుకు మొత్తం ఆరు రెట్ల తేడా.

మనవాళ్ల సంగతీ అంతే. భారతదేశం, సింగపూర్, బ్రిటన్, అమెరికాల్లో ఉంటున్న దక్షిణాసియా ఆడవాళ్లను పోల్చి చూసినప్పుడు రొమ్ము క్యాన్సర్ ఇండియాలో అందరికంటే తక్కువగా, అమెరికాలో అందరికంటే ఎక్కువగా తేలింది. దేశం దాటనక్కర్లేదు కూడా. 2012-16 లెక్కల్లో లక్ష మంది ఆడవాళ్లకు ఏటా 48 కొత్త కేసులతో దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలన్నిటిలోకీ హైదరాబాద్ ముందుంది. మహారాష్ట్రలోని బార్శి లాంటి పల్లె రిజిస్ట్రీల్లో ఈ సంఖ్య అందులో సగం కూడా లేదు. పల్లె నుంచి పట్నానికి వేసిన అడుగులో ఏదో ఉంది.

ఏముందో తెలియాలంటే రొమ్ము ఎలా పెరుగుతుందో కొంచెం చూడాలి.

పుట్టిన కొద్దిరోజులకు కొందరు పసిబిడ్డల రొమ్ములు ఉబ్బుతాయి, పాలలాంటి చుక్క కారుతుంది. ఆడబిడ్డలకే కాదు, మగబిడ్డలకూ. పల్లెల్లో అవ్వలు, మంత్రసానులు దాన్ని పిండేస్తుంటారు. పిండకూడదు, చీము పడుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే దానంతట అదే తగ్గిపోతుంది. ఆ పాలచుక్క తల్లి ఒంట్లోని హార్మోన్ల పని. అంటే బొడ్డు కోయకముందే బిడ్డ రొమ్ములో సన్నని నాళాలు ఉన్నాయి, తల్లి రక్తంలో తిరిగే హార్మోన్లకు అవి స్పందించాయి. రొమ్ము క్యాన్సర్‌కు మూలం గర్భంలోనే ఉండవచ్చునా అని శాస్త్రవేత్త దిమిత్రియోస్ ట్రికోపౌలోస్ 1990లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రశ్న లేవనెత్తినప్పుడు చాలామందికి వింతగా తోచింది. పసిబిడ్డ పాలచుక్కను చూసిన అవ్వలకు అంత వింత కాకపోవచ్చు.

పుట్టాక ఆ నాళాలు చాలా ఏళ్లు నిద్రలో ఉన్నట్టే ఉంటాయి. పిల్ల పెద్దమనిషి అయ్యే ముందు నుంచి వేగంగా చీలుతూ, కొమ్మలు వేస్తూ పోతాయి. వాటి కొసల్లో ఉండే కణాలు ఎడతెగకుండా విభజన చెందుతాయి కానీ ఇంకా ఏ పనికీ కుదురుకోవు. అవి పాలిచ్చే కణాలుగా పూర్తిగా పరిపక్వం చెందేది మొదటి నిండు కాన్పుతోనే. పెద్దమనిషి కావడానికీ మొదటి కాన్పుకూ మధ్య ఉన్న ఏళ్లన్నీ పచ్చికుండకు పట్టిన కాలం లాంటివి. అప్పుడు తగిలిన దెబ్బ మచ్చగా మిగులుతుంది.

దీనికి అతి కఠోరమైన రుజువు హిరోషిమా, నాగసాకిల నుంచి వచ్చింది. 1945లో బాంబు పడేనాటికి పదేళ్లు నిండని పిల్లలు, రొమ్ములు ఇంకా మొలవని పిల్లలు, పెద్దయ్యాక సాధారణంగా ఈ జబ్బు వచ్చే వయసుకే వచ్చి, సాధారణం కంటే ఎంతో ఎక్కువగా దాని బారిన పడ్డారు. బాంబునాటికి నడివయసులో ఉన్న ఆడవాళ్లలో అంత పెరుగుదల లేదు. మొలవని రొమ్ము కూడా రేడియేషన్‌ను గుర్తుపెట్టుకుంది.

ఇప్పుడు కర్నూలు, కడప పల్లెల్లో వెనకటి తరం అవ్వ బతుకును ఈ వెలుగులో చూద్దాం. కరువుల్లో పెరిగిన పిల్ల. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రబువ్వ, గోగాకు. అవీ ఏడాది పొడుగునా చాలినంత దొరికినవి కావు. తిండి చాలని పిల్ల ఆలస్యంగా పెద్దమనిషి అవుతుంది. పెద్దమనిషి అయిన కొద్దికాలానికే పెళ్లి, ఇరవై నిండకముందే మొదటి కాన్పు, ఆపైన వరసగా కాన్పులు. ఒక్కో బిడ్డకు రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రొమ్ముపాలు. ఆలస్యంగా పెద్దమనిషి కావడం, తొందరగా మొదటి కాన్పు, ఎక్కువ కాన్పులు, ఏళ్ల తరబడి రొమ్ముపాలు, వీటిలో ప్రతి ఒక్కటీ రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గించేదే.

ఎంత తగ్గిస్తుందో లెక్క ఉంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో ‘లాన్సెట్’లో ప్రచురించారు. ఒక్కో కాన్పుకు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి 4.3 శాతం చొప్పున ముప్పు తగ్గుతుందని తేలింది. ఆరుగురు బిడ్డల్ని కని ఒక్కొక్కరికీ రెండేళ్లు పాలిచ్చిన అవ్వకు దీన్ని వర్తింపజేస్తే, పిల్లలే లేని ఆడమనిషితో పోలిస్తే ముప్పు 60 శాతం దాకా తగ్గిపోతుంది. ఇద్దరిని కని ఏడాది చొప్పున పాలిచ్చిన ఆమె మనవరాలికి తగ్గేది 20 శాతమే. పెద్దమనిషి కావడం ఒక్కో ఏడాది ముందుకు జరిగితే ముప్పు మరో 5 శాతం పెరుగుతుందని 2012లో వచ్చిన ఇంకో పెద్ద లెక్క చెప్పింది. అవ్వ పదిహేనేళ్లకు, మనవరాలు పన్నెండేళ్లకు అనుకుంటే ఆ మూడేళ్లే మరో 15 శాతం.

ఈ లెక్కలు చూసి పాతకాలమే మేలని అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అవ్వకు రొమ్ము క్యాన్సర్ తక్కువగా రావడం వెనక ఆకలి ఉంది, చదువు దక్కకపోవడం ఉంది, పసితనంలో పెళ్లి ఉంది. ఆ తరంలో కాన్పులోనే పోయిన తల్లులు, గడ్డ లేచే వయసు దాకా బతకనే బతకని ఆడవాళ్లు ఎందరో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది, ఆడవాళ్లలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. క్యాన్సర్ నుంచి కాపాడుతుందని వీటిలో దేన్నీ సమర్థించడానికి లేదు.

ఆకలి కాపాడుతుందన్న మాట కూడా అంత నికరమైనది కాదు. ఈ నేలకు కరువు కొత్త కాదు. ధాత కరువుగా జనం నోళ్లలో నిలిచిపోయిన 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో అతి ఘోరంగా దెబ్బతిన్నాయి. కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కోత పెడితే, మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ అది మనిషిని బతికించే తిండి కాదని గట్టిగా వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం నాలుగో వంతు మేర తగ్గిపోయారు. 1950ల మొదట్లో మళ్లీ వరసగా వానలు తప్పి రాయలసీమలో గంజి కేంద్రాలు వెలిశాయి. ఆ గంజి తాగి పెరిగిన పిల్లలే నేటి డెబ్బై ఏళ్ల అవ్వలు. అమెరికాకు చేరిన చైనా ఆడవాళ్లలోనూ పెద్ద వయసువాళ్లు ఎందరో 1959-61 నాటి మహాకరువును పసితనంలో చూసినవాళ్లు.

పసితనపు ఆకలి నలభై ఏళ్ల తర్వాత రొమ్ముకు ఏం చేస్తుంది? ఐరోపా నుంచి రెండు జవాబులు వచ్చాయి, రెండూ ఎదురెదురు. నార్వేలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో, తిండి తగ్గిన రోజుల్లో పెద్దమనుషులైన ఆడవాళ్లకు తర్వాత రొమ్ము క్యాన్సర్ తక్కువగా వచ్చింది. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు కరువు బాగా తగిలిన ఆడవాళ్లకు 48 శాతం ఎక్కువగా వచ్చింది. రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసులో ఆ కరువు తగిలినవాళ్లలో ఇంకా ఎక్కువ. తేడా ఆకలి తీరులో ఉన్నట్టుంది. నార్వేలో తిండి తగ్గింది, ఏళ్ల తరబడి తగ్గింది, కానీ చేపలు, బంగాళదుంపలు దొరికాయి. డచ్చి కరువు కొన్ని నెలలు గొంతు పట్టుకుంది. యుద్ధం ముగియగానే తిండి ఒక్కసారిగా వచ్చిపడింది. ఆ ఆడవాళ్ల రక్తంలో, పెద్దయ్యాక కూడా, కణాల పెరుగుదలను తోసే ఒక హార్మోన్ ఎక్కువగా కనిపించింది. ఎండిపోయిన ఒళ్లు తిండి దొరికినప్పుడు ఆబగా అందుకునేలా తనను తాను సర్దుకుంటుందని, ఆ సర్దుబాటు తర్వాత సడలదని ఒక వివరణ.

సీమ ఆకలి ఈ రెంటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. వానను బట్టి వచ్చిపోయే ఆకలి అది. వేరుశనగ పండిన ఏడు కడుపు నిండుతుంది, ఎండిన ఏడు అప్పు చేసిన బియ్యం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, దాంతో పాటే సంగటి ముద్ద కూడా పళ్లెంలో మూలకు జరిగింది. ఇలా ఆకలి, నిండుకడుపు ఒకే మనిషి బాల్యంలో కలిసి నడిచాయి. ఐరోపా లెక్కల్ని తెచ్చి ఇక్కడ అతికించలేం.

అయినా మన దగ్గరే జరిగిన ఒక పని ఈ విషయంలో వెలుగునిస్తుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మరికొన్ని ఊళ్లకు ఆ పథకం ఇంకా చేరలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని కొలిచారు. 29 ఊళ్ల నుంచి 1,165 మంది. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. రక్తనాళాలు వాళ్లకు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. తల్లి కడుపులో ఉండగా, అంగన్‌వాడీ ఈడులో తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత ఒంట్లో కనిపించింది. ఆ పరిశీలన 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది.

పొడుగు మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్పాలి. పొడుగు ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ కొంచెం ఎక్కువ. పది సెంటీమీటర్లకు 17 శాతం. బాల్యంలో బాగా తిని బాగా పెరిగినదానికి పొడుగు గుర్తు. మరి తిండి పెట్టి ముప్పు పెంచుతున్నామా? లెక్క వేస్తే 14 మిల్లీమీటర్లకు పెరిగేది 2 శాతం. దానికి బదులుగా ఆ పిల్లలకు దక్కింది గుండెకు, చక్కెర జబ్బుకు సంబంధించిన మేలు, రాబోయే కాన్పుల్లో క్షేమం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాక కూడా ఆడపిల్ల పళ్లెంలో వడ్డించడానికి వెనకాడేవాళ్లు ఉండరు.

కడప వలస వైపు చూద్దాం. కువైట్ పోయిన తల్లి అక్కడ పదేళ్లు పనిచేసి తిరిగొచ్చినా, ఆమె రొమ్ము పెరిగిన కాలం కరువుపల్లెలో గడిచిపోయింది. మారింది రాజంపేటలో అవ్వ దగ్గర పెరిగిన ఆమె కూతురి కాలం. ఇంటికి డబ్బు వచ్చింది. మూడు పూటలా వరన్నం, నూనె, కోడికూర, బడి పక్కన బేకరీ, చేలో పనికి పోనక్కర్లేని సాయంత్రాలు వచ్చాయి. కూతురు తల్లికంటే ముందే పెద్దమనిషి అవుతుంది, డిగ్రీ చదువుతుంది, ఆలస్యంగా పెళ్లి చేసుకుని ఒక్కరినో ఇద్దరినో కంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబం రెండు తరాల్లో దాటిన మెట్లను ఈ పిల్ల ఊరు కదలకుండానే దాటుతోంది. వలస పోయింది తల్లి. వలస ఫలితం మోసేది కూతురి ఒళ్లు. రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరు వలస పోయారన్నదానికంటే, ఆ సమయంలో ఇంట్లో ఎదుగుతున్న ఆడపిల్ల ఎవరన్నది అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందులో ఒక చిక్కుముడి కూడా ఉంది. చిన్నప్పుడు లావుగా ఉన్న పిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారు. అది ముప్పును పెంచే సంగతి. కానీ అమెరికాలో నర్సుల మీద జరిగిన సుదీర్ఘ అధ్యయనంలో, ఐదు పదేళ్ల ఈడులో బొద్దుగా ఉన్నవాళ్లకు తర్వాత రొమ్ము క్యాన్సర్ తక్కువగా వచ్చింది. ముట్లు ఆగిపోయాక పేరుకునే కొవ్వు మాత్రం నిస్సందేహంగా ముప్పును పెంచుతుంది. కాబట్టి పదేళ్ల పిల్ల బొద్దుతనాన్ని చూసి క్యాన్సర్ భయంతో తిండి కోయడం తప్పు. యాభై దాటాక పెరిగే నడుము మీద దృష్టి పెట్టడం సరైనది.

కర్నూలు పిల్ల కథ ఇంకో దిక్కుకు పోతుంది. సుగ్గికి పోయిన పిల్ల మిరప చేలో నిలబడుతుంది. అంతకంటే ముందు, 1990ల నుంచి, పాత కర్నూలు జిల్లాలోని నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు ‘సీడు పత్తి’ వచ్చింది. హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో రాయాలి. దాన్ని ‘క్రాసింగ్’ అంటారు. పొద్దున మగపువ్వు కోసి, ముందురోజు సాయంత్రం ఒలిచి పెట్టిన ఆడపువ్వుకు రుద్దాలి. నెలల తరబడి రోజూ చేయాలి. చిన్నచేతులు కావాలన్నారు, ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనం 2003లో ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, అప్పు కింద కుదిరి పొద్దస్తమానం చేలో ఉన్నారు. చెట్లు వాళ్ల ముఖాల ఎత్తున ఉంటాయి. వాటి మీద ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్ కొట్టిన తడి ఆరకముందే పువ్వులు విప్పాలి.

సరిగ్గా ఈ వయసు గురించే కాలిఫోర్నియా నుంచి ఒక ఫలితం వచ్చింది. ఓక్లాండ్‌లో 1959-67 మధ్య అప్పుడే కాన్పయిన ఆడవాళ్ల దగ్గర తీసి దాచిన రక్తాన్ని బార్బరా కోన్ బృందం పరీక్షించి, ఆ ఆడవాళ్లకు తర్వాత ఏమైందో చూసింది. డీడీటీ వాడకంలోకి వచ్చేనాటికి పద్నాలుగేళ్లు నిండని ఆడవాళ్లలో, రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ఐదు రెట్లు ఎక్కువగా వచ్చింది. ఆ వయసు దాటాక దాని బారిన పడినవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. 2007 నాటి ఫలితం ఇది. రసాయనం అదే, వయసు వేరు, ఫలితం వేరు. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీని 1989లో ఆపేశారు, ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. డీడీటీ మీద తేలిన సంగతిని ఇంకో మందుకు అంటగట్టడం శాస్త్రం కాదు. కానీ ఏ వయసును కాపాడాలో అది చెప్పింది, కర్నూలు చేలల్లో మనం సరిగ్గా ఆ వయసునే మందు తడిలో నిలబెట్టాం. 2003లో పదేళ్లున్న ఆ పిల్లలు ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు. భారతదేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్లు ముందే వస్తుంది. నలభైల్లో, యాభై చుట్టుపక్కల. ఆ ఆడవాళ్లు ఆ వయసుకు దగ్గరపడుతున్నారు.

గడిచిన బాల్యాన్ని తిరిగి ఇవ్వలేం. కానీ వాళ్లకు ఇప్పుడు చేయగలిగింది ఉంది, పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి లక్షన్నర మంది పేద ఆడవాళ్ల మీద ఇరవై ఏళ్లు ఒక పరిశీలన నడిపింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. జబ్బు ముదరకముందే దొరికింది. యాభై దాటినవాళ్లలో ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో చావులు తగ్గినట్టు తేలలేదు, అది కూడా గుర్తుంచుకోవాలి. అయితే వయసు ఏదైనా ఒక మాట మారదు. నొప్పి లేని గడ్డ ప్రమాదం లేని గడ్డ కాదు. మన పల్లెల్లో నొప్పి పుట్టేదాకా ఎవరికీ చెప్పరు, పుట్టాక హైదరాబాద్‌కో వెల్లూరుకో పోయేసరికి పుండు పడి ఉంటుంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ఈ పరీక్ష నేర్పి, ఆమె చెప్పిన మనిషికి కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో వారంలోపు ముక్క పరీక్ష జరిగే ఏర్పాటు ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

రాబోయే తరం కోసం కావలసింది మరొకటి. గర్భిణికి ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ఆమె బరువు, బిడ్డ పుట్టిన బరువు రాసి ఉంటాయి. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో నెలనెలా బిడ్డ తూకం ఉంటుంది, బడిలో ఎత్తు ఉంటుంది. కోసిగిలో సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలు ఏ నెలల్లో ఊళ్లో లేరో హాజరుపట్టీ చెబుతుంది. ఆ నెలల్లో పిల్లల్ని ఊళ్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు కూడా. ఎవరు హాస్టల్లో ఉన్నారో, ఎవరు మిరప చేలో ఉన్నారో రాతపూర్వకంగా దొరుకుతుంది. జీగ్లర్ బృందం ఆడవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడి అడిగిన ప్రశ్నలకు, మన దగ్గర కాగితం మీద జవాబులున్నాయి. ఈ కాగితాలు పారేయకుండా ఒకచోట చేర్చి, ఆ పిల్లల పేర్లను రేపటి క్యాన్సర్ రిజిస్ట్రీతో కలపగలిగితే, కడప కూతురికీ కర్నూలు కూతురికీ వాళ్ల బాల్యం ఏం చేసిందో వాళ్ల నలభై ఎనిమిదో ఏట మనం అంచనాతో కాకుండా లెక్కతో చెప్పగలం. అప్పటిదాకా ఆ పిల్లల్ని మందు కొట్టిన చేలకు దూరంగా, గుడ్డు దొరికే బడికి దగ్గరగా ఉంచడానికి ఏ లెక్క కోసమూ ఆగనక్కర్లేదు.